తాళంచెవి కన్నా ముందు టైర్ల గాలి అంకెలు ఇవ్వండి: కార్ల షోరూముల యజమానులకు బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో కొత్త కార్లు అమ్ముతున్న షోరూముల యజమానులకు, డెలివరీ విభాగం మేనేజర్లకు, సర్వీసు ఇన్‌ఛార్జీలకు,

నమస్కారం.

నేను 31 ఏళ్ల పాటు ఆర్టీసీ డిపో గ్యారేజీలలో పనిచేసి, అందులో ఎక్కువ కాలం టైర్ల విభాగంలోనే ఉండి, రిటైరై ఇప్పుడు కావలిలో ఉంటున్నవాణ్ని. కార్ల వ్యాపారం ఎలా చేయాలో మీకు చెప్పేంతటి వాణ్ని కాను. టైరులో గాలి విషయం మాత్రం ఇన్నేళ్లు చేత్తో పట్టి చూసినవాడిగా మీతో చెప్పుకోదలిచాను. కొత్త కారు కొన్నవారి చేతిలో తాళంచెవి పెట్టే ముందు, ఆ కారు నాలుగు టైర్లలోను, స్టెప్నీలోను గాలిని డ్రైవరు డోరు పక్కన అంటించి ఉన్న స్టిక్కరు ప్రకారం సరిచేసి, సరిచేసిన అంకెలను కాగితం మీద రాసి ఇవ్వాలన్నది నా విన్నపం. ఇది కొత్తగా నెత్తిన వేస్తున్న పని కాదు. చేశామని మీరు ఇప్పటికే టిక్కు పెడుతున్న పనే. ఆ టిక్కు గురించే ఈ లేఖ.

గత వైశాఖంలో మంచిరోజు చూసుకుని మా అమ్మాయి తన జీతం డబ్బులతో మొదటి కారు తీసుకుంది. ఏ కంపెనీ బండి, ఏ ఊరి షోరూము అన్నది ఇక్కడ రాయను. ఒకరిని నిలదీయడానికి రాస్తున్న లేఖ కాదిది. ఆ తర్వాత మా వీధిలోను, బంధువులలోను కొత్తగా కారు తీసుకున్న మరో నలుగురి బండ్లకు గేజి పెట్టి చూస్తే, వేరువేరు షోరూముల నుంచి వచ్చిన ఆ నాలుగింటిలో మూడింటి టైర్లలో, మా అమ్మాయి బండిలో లాగే, గాలి స్టిక్కరు ప్రకారం లేదు. కనుక ఒక్క షోరూముకు ఉత్తరం రాసి ఊరుకోవడం కన్నా అందరికీ కలిపి రాయడమే న్యాయమనిపించింది.

డెలివరీ పదకొండున్నరకు. బండికి పూలదండ వేశారు, పసుపు కుంకుమలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి బండిని మెల్లగా ముందుకు కదిలించారు. మీ దగ్గర పనిచేసే ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో నిమ్మకాయను టైరు కింద సరిగ్గా పడేటట్టు ఎంతో శ్రద్ధగా సర్దాడు. ఆ సమయంలో అతని చేయి వాల్వు మూతకు జానెడు దూరంలో ఉంది. అలా వంగి ఉన్నప్పుడే ఇంకో అర నిమిషం ఆగి, ఆ మూత విప్పి, గేజి నొక్కి చూసి ఉంటే ఈ లేఖ రాయవలసి వచ్చేది కాదు.

జాతీయ రహదారి ఎక్కిన పది నిమిషాలకే నాకు అనుమానం వచ్చింది. వంతెనల అతుకుల మీద బండి గట్టిగా ఎగిరి పడుతోంది. చిన్న రాయి ఎక్కినా ఆ దెబ్బ స్టీరింగు దాకా వస్తోంది. ‘కొత్త బండి ఇంత గట్టిగా ఉంటుందా నాన్నా?’ అని మా అమ్మాయి అడిగింది. ఎండలో, వేడెక్కిన టైర్ల మీద కొలిస్తే అసలు సంగతి తెలియదు కనుక ఆ పూట ఏమీ మాట్లాడలేదు. మర్నాడు ఉదయం అయిదున్నరకు, రాత్రంతా వరండా పక్కన కదలకుండా ఉన్న బండికి గేజి పెట్టాను. ముందు ఎడమ టైరులో 45 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఉంది. గేజి సరిగా ఆనలేదేమోనని మళ్లీ నొక్కాను. మళ్లీ 45. ముందు కుడి 46, వెనక ఎడమ 46, వెనక కుడి 44. డోరు తెరిచి స్టిక్కరు చూస్తే, ముగ్గురి దాకా ఎక్కితే నాలుగు టైర్లకూ 33 అని, మనుషులు నిండా ఎక్కి సామాను కూడా వేస్తే వెనక టైర్లకు 36 అని ఉంది. చివరికి డిక్కీలో చాప ఎత్తి స్టెప్నీ చూశాను. దానిలో 27 ఉంది. అంటే రోడ్డు మీద తిరుగుతున్న టైర్లలో పదకొండు నుంచి పదమూడు దాకా ఎక్కువ, ఆపదలో ఆదుకోవలసిన టైరులో ఆరు తక్కువ.

అప్పుడు మీరిచ్చిన కాగితాల సంచి తీసి, డెలివరీకి ముందు చేసిన తనిఖీ పట్టీ చూశాను. బ్యాటరీ, వైపర్లు, హారను, లైట్ల వరుసలో ‘టైర్ల ప్రెషరు’ అన్న గడి ఉంది. దాని ఎదుట నీలం సిరాతో ఒక టిక్కు ఉంది. పై గడి నుంచి కింది గడి దాకా టిక్కులన్నీ ఒకే ఒరవడిలో, ఒకే ఊపులో పెట్టినట్టున్నాయి. ఎంత ఉందో రాయడానికి అక్కడ చోటే లేదు.

షోరూముకు ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడారు. మూడు సమాధానాలు చెప్పారు. ఆ మూడూ మీ అందరి దగ్గరా వినిపించే సమాధానాలే కనుక ఒక్కొక్కదాని గురించీ నాలుగు మాటలు చెప్పాలి.

మొదటిది, ‘ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది సార్’ అన్నది. ఇది నిజమే. కారు ఫ్యాక్టరీలో తయారై, ట్రైలరు లారీ మీద గొలుసులతోనో పట్టీలతోనో బిగించి వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి, ఆ తర్వాత స్టాకు యార్డులో వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఒకే చోట నిలబడి ఉంటుంది. మామూలు గాలితో అంతకాలం కదలకుండా నిలబడితే నేలకు ఆనిన చోట టైరు చదునుగా దిగబడి, తర్వాత నడిచేటప్పుడు గుడగుడమని కొట్టుకుంటుంది. అలా కాకుండా ఉండాలని, ట్రైలరు మీద బండి ఊగకుండా ఉండాలని ఫ్యాక్టరీలో కావాలనే గాలి ఎక్కువ పెడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ గాలి రవాణా కోసం పెట్టినది, రోడ్డు మీద నడపడానికి కాదు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు, డోర్లకు పెట్టిన స్పాంజి ముక్కలు తీసినట్టే, ఆ అదనపు గాలిని కూడా డెలివరీకి ముందు తీయవలసిన బాధ్యత మీది. ప్లాస్టిక్ కవరు కంటికి కనిపిస్తుంది కనుక మరిచిపోరు. గాలి కనిపించదు కనుక ఉండిపోతోంది.

రెండోది, ‘నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది’ అన్నది. లోపం లేని టైరు, మంచి వాల్వు ఉన్న కారులో గాలి నెలకు ఒకటి రెండు పీఎస్‌ఐల వంతున మాత్రమే తగ్గుతుంది. 45 నుంచి 33కు తనంతట తాను దిగాలంటే ఆరు నెలలకు తక్కువ పట్టదు, ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ లోపల ఒక రోహిణీ కార్తె, ఒక ఈశాన్య రుతుపవనాల కాలం రెండూ ఆ బండి మీదుగా వెళ్లిపోతాయి. నిజంగా నాలుగు రోజుల్లో పన్నెండు పీఎస్‌ఐలు తగ్గిందంటే అది సర్దుకోవడం కాదు, పంక్చరు.

మూడోది, ‘గాలి ఎక్కువ ఉంటే మైలేజీ బాగా వస్తుంది’ అన్నది. ఇందులో పిసరంత నిజం ఉండబట్టే ఇది ప్రమాదకరమైన మాట. గట్టిగా ఉన్న టైరు తేలిగ్గా దొర్లుతుంది, నిజమే. కాని ఎందుకు తేలిగ్గా దొర్లుతుందో చూడండి. ఒక చక్రం మీద 300 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. టైరులో 33 ఉన్నప్పుడు అది నేలను ఉజ్జాయింపుగా 130 చదరపు సెంటీమీటర్ల మేర పట్టుకుంటుంది. అదే 45 ఉంటే ఆ పట్టు దాదాపు 95కు పడిపోతుంది. టైరు గోడల బిగువును బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి గాని, నేలను పట్టే చోటు పావు వంతు తగ్గుతుందన్న లెక్క మారదు. పెద్దమనిషి అరచేయి వేళ్లతో సహా ఎంత ఉంటుందో అంతకు మించని ఆ చోటు మీదనే బండి వేగం, మలుపు, బ్రేకు, లోపలున్న పిల్లల క్షేమం అన్నీ ఆధారపడి ఉన్నాయి. దానిలో పావు వంతు తీసేసి, ఆదా అయిన పెట్రోలు చూసి సంతోషించడం నాకు మనసొప్పని బేరం. పైగా గాలి ఎక్కువైన టైరు నడుమ ఉబ్బి, నడిమి పట్టీ మీదే తిరుగుతుంది. అంచులు కొత్తగా ఉండగానే మధ్యభాగం నున్నబడుతుంది. అలా పోయిన టైరు ఖరీదు ముందు మైలేజీలో మిగిలింది ఏ మూలకూ రాదు.

గాలి ఎక్కువైతే కలిగే నష్టం గురించి ఇంత రాశానని, తక్కువ ఉంటే పరవాలేదని ఎవరూ అనుకోకూడదు. తక్కువ గాలి ఇంకా పెద్ద ప్రమాదం. గాలి చాలని టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ మడత పడి లేస్తూ, ఆ మడతలోనే వేడెక్కుతాయి. మన జిల్లాలలో ఏప్రిల్, మే నెలల్లో 42, 44 డిగ్రీల ఎండ కాయడం మామూలు సంగతి. ఆ ఎండలో కాలుతున్న రోడ్డు మీద, గంటకు వంద కిలోమీటర్ల వేగంతో, నిండు బరువుతో, చాలని గాలితో బండి పోతుంటే టైరు లోపలి పొరలు విడిపోయి పేలడానికి ఇంకేమీ అక్కరలేదు. డిపోలో పనిచేసేటప్పుడు వెనక జంట టైర్లలో లోపలి టైరు గాలి దిగి ఉందేమోనని రాత్రిపూట ఇనుప కడ్డీతో కొట్టి శబ్దం వినేవాళ్లం. నిండుగా ఉన్న టైరు ఖంగుమంటుంది, దిగిన టైరు మొద్దుగా మూలుగుతుంది. ఆ మూలుగు పట్టుకోలేకపోయిన రోజున పేలిన టైరు ముక్కలు మర్నాడు బ్రేక్‌డౌన్ వ్యానులో వచ్చేవి. చేత్తో ముట్టుకుంటే ఆ ముక్కల లోపలి రబ్బరు పొడిపొడిగా రాలేది. ఆ పొడి వేళ్లకు అంటిన జ్ఞాపకం ఉన్నవాణ్ని కనుకనే ఎక్కువా వద్దు, తక్కువా వద్దు, స్టిక్కరు మీద ఉన్నదే కావాలని ఇంత పట్టుబడుతున్నాను.

ఆ స్టిక్కరు గురించి కొనేవారికి చెప్పేవారే లేరు. డ్రైవరు డోరు తెరిస్తే నడిమి స్తంభం మీదనో, డోరు అంచు మీదనో, కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపలి వైపునో అది ఉంటుంది. బండి బరువు, టైరు సైజు, బ్రేకులు, సస్పెన్షను అన్నీ లెక్కకట్టి ఆ బండిని తయారు చేసినవారే నిర్ణయించిన అంకెలవి. టైరు పక్క గోడ మీద చిన్న అక్షరాలలో 44 అనో 51 అనో ఉండే అంకె వేరు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ హద్దు. మన పంక్చరు షాపుల్లోను, కొన్ని బంకుల్లోను, బాధ కలిగించే సంగతేమిటంటే కొన్ని సర్వీసు సెంటర్లలోను, ఆ హద్దునే పెట్టవలసిన గాలిగా పొరబడేవారిని నేను చూశాను. ఫ్యాను రెగ్యులేటరు మీద అయిదు వరకు ఉందని ప్రతి ఇంట్లో అయిదులోనే తిప్పాలని ఎవరూ అనరు కదా.

ఇక ఎప్పుడు కొలవాలన్నది. స్టిక్కరు మీది అంకె చల్లటి టైరుకు చెప్పినది. బండి కనీసం మూడు గంటలు నిలబడి ఉండాలి, లేదా ఒకటి రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు, ఎండ నేరుగా పడకూడదు. లోపలి గాలి పది డిగ్రీలు వేడెక్కితే ప్రెషరు సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. హైవే మీద అరగంట నడిస్తే మూడు నుంచి అయిదు దాకా పెరగవచ్చు. కనుక మధ్యాహ్నం వేడి మీద గేజి పెట్టి, 37 చూపిస్తోందని 33కు దింపితే, మర్నాడు తెల్లవారుజామున ఆ టైరులో 29 ఉంటుంది. సరిచేశామనుకుని చెడగొట్టినట్టవుతుంది. మీ షోరూములో దీనికి పెద్ద ఏర్పాటేమీ అవసరం లేదు. ఆ రోజు డెలివరీ ఇవ్వవలసిన బండ్లు ముందు రోజు సాయంత్రమే లోపల నీడకు వచ్చి నిలబడి ఉంటాయి. ఉదయం షోరూము తెరవగానే, వాటర్ వాష్‌కు కదిలించక ముందే, ఒక మనిషి ఒక మంచి గేజితో ఒక్కో బండికి అయిదు నిమిషాలు కేటాయిస్తే పని అయిపోతుంది. కొన్నవారు వచ్చాక వారి ఎదుట మరొక్కసారి గేజి పెట్టి చూపించండి. ఎలా చూడాలో వారికి కూడా ఆ రోజే అలవాటవుతుంది. ఒకవేళ బండి అప్పుడే యార్డు నుంచి ఎండలో నడిచి వచ్చి ఉంటే, స్టిక్కరు అంకె కన్నా రెండు మూడు ఎక్కువ ఉంచి, మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడు సరిచూసుకోమని నోటితో చెప్పి, కాగితం మీద కూడా రాసి పంపండి.

మన ప్రాంతంలో ఇది ఎందుకింత ముఖ్యమో మీకు తెలియనిది కాదు. ఇక్కడ కొత్త కారు కొన్న కుటుంబం చేసే మొదటి పెద్ద ప్రయాణం చాలావరకు తిరుమలకే. డెలివరీ తీసుకున్న రెండు మూడు రోజుల్లోనే తాత, నాయనమ్మ, పిల్లలు, సామాను అంతా సర్దుకుని, ఒంగోలు నుంచో, కందుకూరు నుంచో, నెల్లూరు నుంచో బయలుదేరి, హైవే మీద వేగంగా పోయి, ఆపైన ఘాటు రోడ్డు ఎక్కుతారు. దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు నొక్కుతారు. కొత్తగా నడపడం నేర్చుకున్న చేతులు, అలవాటు లేని బండి, నిండు బరువు. ఇన్నిటి మీద నేలను పట్టుకునే చోటు పావు వంతు తగ్గిన టైర్లు కూడా ఎందుకు తోడు కావాలి? గిద్దలూరు దాటి నల్లమల ఘాటులో నంద్యాల వైపు వెళ్లేవారికైనా, కార్తీక మాసపు వానల్లో మన హైవే మీద నడిపేవారికైనా ఇదే మాట. ఇలా కుటుంబంతో బయలుదేరేవారికి స్టిక్కరులో నిండు బరువుకు చెప్పిన రెండో అంకె ఒకటుందని, దాని ప్రకారం వెనక టైర్లకు రెండు మూడు పీఎస్‌ఐలు పెంచుకోవాలని మీరు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

టైరు ప్రెషరు చూపించే వ్యవస్థ ఉన్న బండ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి, ‘అంతా తెర మీద కనిపిస్తుంది కదా’ అని మీ సేల్స్ పిల్లలు చెబుతున్నారు. దీనిలో ఒక మెలిక ఉంది. కొన్ని కార్లలో ప్రతి టైరు లోపలా సెన్సరు ఉండి అసలు ప్రెషరునే అంకెలలో చూపిస్తుంది. అది మంచిదే. మరికొన్నిటిలో టైరు లోపల ఏ సెన్సరూ ఉండదు. బ్రేకుల వ్యవస్థలో ఉన్న చక్రాల వేగం సెన్సర్ల సాయంతో, ఏ చక్రం మిగతావాటికి తేడాగానో, ముందు తాను నేర్చుకున్నదానికి తేడాగానో తిరుగుతోందో చూసి, గాలి తగ్గిందని ఊహించి దీపం వెలిగిస్తుంది. ఈ రెండో రకానికి సరైన గాలి ఎంతో తనంతట తనకు తెలియదు. టైర్లు సరిచేసి రీసెట్ బటను నొక్కినప్పుడు ఏది ఉంటే దానినే సరైనదిగా నేర్చుకుంటుంది. 45 పెట్టి ఉన్న టైర్ల మీద మీవాళ్లు రీసెట్ నొక్కి బండి అప్పగించారనుకోండి. కొన్న మనిషి ఎప్పుడో బుద్ధిగా 33కు దింపుకుంటే, నాలుగో వంతుకు పైగా గాలి పోయిందని కొన్ని బండ్లలో ఆ దీపం వెలగవచ్చు. పాపం అతను భయపడి బంకుకు పోయి మళ్లీ 45 పట్టిస్తాడు. కాపాడవలసిన దీపమే అతన్ని తప్పుదోవ పట్టిస్తుంది. కనుక ముందు స్టిక్కరు ప్రకారం గాలి, ఆ తర్వాతే రీసెట్. ఈ వరుస తప్పకూడదు.

స్టెప్నీ మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2020లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ తర్వాత, ట్యూబులేని టైర్లు, ప్రెషరు చూపించే వ్యవస్థ, పంక్చరు కిట్టు ఉన్న చిన్న వాహనాలను స్టెప్నీ లేకుండా అమ్మవచ్చు. అలాంటి బండి అమ్మినప్పుడు ఆ కిట్టులోని చిన్న గాలి మిషనును ఒక్కసారైనా ఆన్ చేసి, వాల్వుకు బిగించి చూపించండి. అర్ధరాత్రి ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన ఆగిన ఆడపిల్ల సెల్‌ఫోను వెలుతురులో దాని వాడకం నేర్చుకోవలసిన గతి పట్టకూడదు. స్టెప్నీ ఉన్న బండి అయితే దాని మీద రాసి ఉన్న ప్రెషరు ఎంతో చూడండి. సైజు చిన్నదైన తాత్కాలిక స్టెప్నీలు కొన్నిటికి మామూలు టైర్ల కన్నా చాలా ఎక్కువ, 60 దాకా, గాలి కావాలి.

నైట్రోజను గురించి ఒక్క మాటతో సరిపెడతాను. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే. బాటిలులో వచ్చేది తేమ లేకుండా ఉంటుంది, కొంచెం నెమ్మదిగా దిగుతుంది, అంతవరకే. దానికి డబ్బు తీసుకోవడం మీ ఇష్టం, ఇవ్వడం కొన్నవారి ఇష్టం. అయితే నైట్రోజను పట్టించాక ఇక కొలవనక్కరలేదని మాత్రం దయచేసి చెప్పకండి. తప్పు అంకెలో ఉన్న నైట్రోజను కూడా తప్పే.

మీతో పాటు పెట్రోలు బంకుల డీలర్లను కూడా ఈ లేఖలో కలుపుకోక తప్పడం లేదు. మీరు ఎంత సరిగ్గా పెట్టి పంపినా, నెల తిరిగేసరికి ఆ బండి వారి దగ్గరికే గాలికి పోవాలి. మా అమ్మాయి బండికి నేను చల్లగా ఉన్నప్పుడు 33 పెట్టి, అక్కడికి కిలోమీటరు లోపున్న రెండు బంకులకు ఒకే ఉదయం తీసుకువెళ్లాను. ఒక బంకు మిషను 30 చూపించింది, ఇంకొకటి 36 చూపించింది. రెండూ అంకెలు ఎర్రగా వెలిగే మిషన్లే, రెండూ కూత పెట్టి ‘అయిపోయింది’ అని చెప్పేవే. మొదటి దాన్ని నమ్మితే మూడు ఎక్కువ పట్టేది, రెండో దాన్ని నమ్మితే మూడు దిగేది. మరో ఊరి బంకులో గాలి పట్టే కుర్రాడు ఏ బండి వచ్చినా అడగకుండా 35 పెట్టేస్తున్నాడు. అతన్ని అనడానికి నాకు నోరు రాలేదు. ఎండలో నిలబడి రోజంతా వంగి లేస్తున్న పిల్లవాడు, అతనికి ఇంతకన్నా చెప్పినవారు లేరు. చమురు కంపెనీలు తమ డీలర్లకు పెట్టిన నిబంధనల ప్రకారం బంకులో గాలి ఉచితంగా పట్టవలసిందే. ఆ ఉచితం సరిగ్గా ఉండాలన్నదే నా కోరిక. గేజి కింద పడినా, గొట్టం అతుకులో గాలి కారినా, కంప్రెసరు ట్యాంకులో చేరిన నీరు తీయకపోయినా అంకె తప్పుతుంది. మన సముద్రతీరపు తేమకు ఆ ట్యాంకులో నీరు త్వరగా చేరుతుంది, రోజూ అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి వదలాలి. ‘డోరు మీద ఎంత ఉంది సార్?’ అని అడగడం ఆ పిల్లలకు నేర్పితే, ఆ ఒక్క ప్రశ్నతో కారున్నవారిలో సగం మంది జీవితంలో మొదటిసారి ఆ స్టిక్కరు చూస్తారు.

తూనికలు, కొలతల శాఖ అధికారులకు కూడా ఒక మనవి. బంకులో లీటరుకు లీటరు వస్తోందో లేదో మీరు అయిదు లీటర్ల కొలపాత్రతో తనిఖీ చేస్తారు, ముద్ర వేస్తారు. జనానికి అందులో నమ్మకం ఉంది. అదే ఆవరణలో పది అడుగుల దూరంలో ఉన్న గాలి మిషను మీద కూడా, వెళ్లిన ప్రతిసారీ, సరిచూసిన గేజి ఒకటి పెట్టి చూడండి. పెట్రోలు కొలతలో తేడా వస్తే నష్టపోయేది డబ్బు. గాలి కొలతలో తేడా వస్తే ఏమవుతుందో పైన రాశాను.

తిరిగి మీ దగ్గరికే వస్తాను. ఆ ఫోను తర్వాత షోరూమువారు బండి తీసుకురమ్మన్నారు, సరిచేసి ఇస్తామన్నారు. అప్పటికే నేను సరిచేసుకున్నానని చెప్పాను. నాకు గేజి ఉంది, 31 ఏళ్ల అలవాటు ఉంది. ఆ రోజు మా అమ్మాయితో పాటే డెలివరీ తీసుకున్న మరో మూడు కుటుంబాలు ఉన్నాయి. అందులో ఒక పెద్దాయన పొదిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన రైతు. కొడుకు పక్కన ముందు సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డును అరచేత్తో నిమురుతూ వెళ్లాడు. ఆయన టైర్లలో ఎంత ఉందో నాకు తెలియదు, ఆయనకూ తెలియదు, మీ తనిఖీ పట్టీకీ తెలియదు. దయచేసి ఆ రోజు బండ్లు తీసుకున్న వారందరికీ ఫోను చేయండని అడిగాను. చేస్తామన్నారు. చేశారనే నమ్ముతున్నాను.

ఇకపై ఆ ఫోన్ల అవసరం లేకుండా, మీ తనిఖీ పట్టీలో టిక్కు గడి తీసేసి, దాని చోట ఈ ఒక్క వరుస అచ్చువేయించండి: స్టిక్కరు ప్రకారం ఎంత, ముందు ఎడమ ఎంత, ముందు కుడి ఎంత, వెనక ఎడమ ఎంత, వెనక కుడి ఎంత, స్టెప్నీ ఎంత, కొలిచిన సమయం, కొలిచిన మనిషి సంతకం, కొన్నవారి సంతకం. అచ్చుకు ఇవ్వడానికి నమూనా కావాలంటే నేను చేత్తో గీసి ఇస్తాను. మీ డెలివరీ సిబ్బందికి ఒక ఉదయం దగ్గరుండి చూపించమంటే, నా గేజి తీసుకుని, కావలి నుంచి మొదటి బస్సుకే ఏ ఊరికైనా వస్తాను.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత టైరు మెకానిక్,
కావలి, నెల్లూరు జిల్లా